శనివారం చూసి, ఆదివారం కొన్న మిషన్

మా కార్ఖానాలోని థిక్‌నెస్ మిషన్ జనవరి చివర్లో పాడైంది. పలకను ఒక వైపు నుంచి తోస్తే, లోపల తిరిగే కత్తులు దాన్ని చెక్కి, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మందంతో బయటికి పంపే మిషన్ అది. దాని ఇనుప బల్ల నడిమికి పగిలింది. అతికించి చూశాం, నిలవలేదు. అదే నెలలో నేను బిలోలి తాలూకాలోని ఒక బడికి బెంచీలు చేసి ఇస్తానని ఒప్పుకుని ఉన్నాను. జూన్‌లో బడి తెరిచేలోపు ఇవ్వాలి. మా ఆయన పోయిన తర్వాత కార్ఖానాకు వచ్చిన మొదటి పెద్ద పని అది. నేను నా పేరు మీద ఒప్పుకున్న మొదటి పని కూడా అదే.

మా ఆయన పోయిన వానాకాలంలో చనిపోయాడు. అప్పటి నుంచి నేను నాందేడ్ దాటి ఎక్కడికీ వెళ్లలేదు.

కొత్త మిషన్ మోటారుతో కలిపి రెండు లక్షలు. అంత పెడితే బెంచీల మీద ఏమీ మిగలదు. పలకలు బయట చెక్కించుకుంటే కూలి, రవాణా కలిసి దాదాపు అంతే అవుతుంది. పాత మిషన్ కొంటే, అది మా షెడ్డులో దిగి, బాగయ్యేసరికి ఖర్చంతా కలిపి లక్షా ఎనిమిది వేలు దాటకూడదని తేలింది. దాటేటట్టుంటే పని వదులుకుని, గుడిపడ్వా, అంటే ఉగాది నుంచి షెడ్డును మోటార్ సైకిళ్లు బాగుచేసేవాళ్లకు కిరాయికిద్దామని మా మరిది అన్నాడు. అతను చెడ్డ ఉద్దేశంతో అనలేదు. నేనూ సరేనన్నాను.

కిన్వట్‌ను ఆనుకుని ఉన్న గోకుందలో ఒక సేఠ్ దగ్గర ఇలాంటి మిషన్ ఉందని మా గంగాధర్ మిస్త్రీ కనుక్కున్నాడు. మూతపడ్డ ఒక ఫర్నిచర్ కార్ఖానా సామానంతా ఆ సేఠ్ టోకుగా కొన్నాడట. తోడు రమ్మంటే మాత్రం మిస్త్రీ ఒప్పుకోలేదు.

"నేను రానక్కా. సేఠ్ మా బామ్మర్దికి దోస్తు. నేను పక్కన నిలవడితె నువ్వు బేరం చెయ్యలేవు, నేను నోరు తెరవలేను."

మాట న్యాయంగానే ఉంది. ఒక్కదాన్నే బయల్దేరాను.

శనివారం ఎంచుకోవడానికి కారణం ఉంది. మా ఆయన పాత మిషన్‌ను శనివారం చూసేవాడు, ఆదివారం కొనేవాడు. మా వడ్లవాళ్లలో, అంటే వడ్రంగుల్లో, శనివారం ఇనుము కొనరు, మేకు కూడా కొనరు. అందుకని ఆ రోజు పాత మిషన్ల షెడ్లలో కొనేవాళ్ల రద్దీ ఉండదు. వెనక ఒకరు నిలబడి తొందరపెట్టకుండా మిషన్ను తీరిగ్గా చూసుకోవచ్చని ఆయన లెక్క. ఇరవై ఏళ్లు ఆయన పక్కన నిలబడి చూసిన దాంట్లో నాకు బాగా గుర్తున్నది ఇదే.

ఫిబ్రవరి చివరి శనివారం, ఉదయం ఆరున్నరకు నాందేడ్‌లో మేముండే ఇత్వారా నుంచి స్టేషన్‌కు ఆటోలో వెళ్లాను. అరవై రూపాయలు. ఆదిలాబాద్ వైపు పోయే బండికి కిన్వట్ టికెట్ డెబ్బై లోపే. ఈ దారిన వెళ్లేవాళ్లు ఎడమ వైపు కిటికీ చూసుకుని కూర్చోవాలి, పొద్దున ఎండ కుడి వైపు పడుతుంది. నా సంచిలో రెండడుగుల ఉక్కు స్కేలు, చిన్న సుత్తి, పానాలు, రెండు చెక్కలు ఉన్నాయి. ఒకటి టేకు, ఇంకొకటి ముడి ఉన్న తుమ్మ. ఒక పుస్తకం కూడా పెట్టుకున్నాను కానీ తెరవలేదు.

ముద్‌ఖేడ్‌లో ఎక్కిన ఒక రైతు నా ఎదుట కూర్చున్నాడు. సంచిలోంచి బయటికి వచ్చిన స్కేలు చూసి, మరాఠీలో, బడిలో చెబుతారా అని అడిగాడు. పాత మిషన్ కొనడానికి పోతున్నానంటే ఆయన ముఖం వెలిగింది. హిమాయత్‌నగర్ దగ్గర పసుపు వేస్తాడట. రెండేళ్ల కింద పాత ట్రాక్టర్ కొన్న కథ మొదలుపెట్టాడు. మీటరు చూసి మోసపోయాడట, చూడాల్సింది సీటునట. మీటరును ఎవరైనా వెనక్కి తిప్పవచ్చు, అరిగిన సీటును మాత్రం ఎవరూ వెనక్కి తిప్పలేరన్నాడు. నేను ఆ మాట మనసులో ఉంచుకున్నాను.

ఎనిమిది దాటాక భోకర్ వచ్చింది. సత్తవ్వ వదినె ఎక్కింది. మా ఆయనకు అక్క, అరవై దాటిన మనిషి. భోకర్ మార్కెట్ యార్డు వెనక ఇల్లు. నేను రమ్మనలేదు. మరిది ద్వారా విని తనే ఫోన్ చేసి, నన్ను ఆపడానికి వస్తున్నానని ముందే చెప్పింది. ఆపడానికి వచ్చిన మనిషి చేతిలో ముగ్గురికి సరిపడా రొట్టెల మూట ఉంది.

"శనివారం పూట ఇనుము బేరానికి పోతున్నవా. మా అవ్వ ఉంటె నిన్ను గడప దాటనియ్యకపోవు" అంది కూర్చుంటూనే.

"చూసుడు, కొనుడు ఒక్కటి కాదు గద వదినె."

"మంచిగ నేర్చినవ్ మాటలు. పుస్తకాలు చదువుడు ఊకె పోలే."

తర్వాత ఆమె మూట విప్పింది. జొన్న రొట్టెలు, శనగపిండి పిట్ల, పచ్చిమిర్చి తొక్కు. రైతుకూ ఒక రొట్టె ఇచ్చింది. ఆయన వద్దంటే, మా మరదలు మిషన్ కొనవట్టె, నోరు తీపి చేసుకో అని మిర్చి తొక్కు వడ్డించింది. తింటూనే తన మనసులో మాట చెప్పింది. ఆమెకు మిషన్ మీద కోపం లేదు. నన్ను మోసం చేస్తారని భయం.

"ఎన్నన్న చెప్పు సుజాతా. మా తమ్ముడైతె ఎంతకు తెచ్చునో, నీకు అంతకియ్యరు. మొగోని బేరం మొగోనిదే."

నాకూ అదే భయం. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. పత్తి ఏరడం అయిపోయిన చేలు, శనగ కోతలు, కళ్లాల్లో ఆరబోసిన పసుపు. సహస్రకుండ్ దాటాక అడవి. టేకు చెట్లు ఆకు రాల్చి ఉన్నాయి. మోదుగలు పూశాయి.

కిన్వట్‌లో దిగేసరికి పదిన్నర అయింది. గోకుంద షెడ్డుకు ఆటో, ఇద్దరికీ కలిపి నలభై.

షెడ్డు రోడ్డు పక్కనే ఉంది. లోపల రంపం మిషన్లు, లేత్‌లు, సగం విప్పిన మోటార్లు. పాత నూనె వాసన మీద కొత్త రంగు వాసన. బాపూరావ్ సేఠ్ యాభై దాటిన మనిషి, భుజం మీద తువ్వాల. ఇంతకుముందు ఎద్దుల బేరాలు చేసేవాడినని తనే చెప్పాడు. ఎద్దుల బజార్లలో తువ్వాల కింద చేతులు పెట్టుకుని, వేళ్లు నొక్కి ధర మాట్లాడుకుంటారు. ఆయన అలవాటు కొద్దీ తువ్వాల తీసి నా వైపు చాపబోయి, ఆడమనిషినని గుర్తొచ్చి మళ్లీ భుజం మీద వేసుకున్నాడు. కిన్వట్ వైపు తెలుగే మాట్లాడాడు, మధ్యమధ్య మరాఠీ. నన్ను తాయీ అన్నాడు, అక్కా అని. వదినెను మావ్‌శీ అన్నాడు, పిన్నీ అని.

"నీకంటె రెండేండ్లు పెద్దగుంటనేమొ. మావ్‌శీ అంటవేంది" అంది వదినె.

చాయ్ తెప్పించాడు. నేను తాగలేదు. ధర తెగేదాకా అమ్మేవాడి చాయ్ తాగకూడదన్నది మా ఆయన నియమం. చాయ్ తాగాక కాదనడానికి నోరు రాదనేవాడు. వదినెకు ఆ నియమం తెలుసు. తెలిసీ నా చాయ్ కూడా తనే తాగింది.

మిషన్‌కు నిగనిగలాడే ఆకుపచ్చ రంగు వేసి ఉంది. మూడేళ్ల మిషన్ అని, నెల రోజుల నుంచి తిప్పలేదని, లక్షా ముప్పై ఐదు వేలని సేఠ్ చెప్పాడు. నేను ధర గురించి ఏమీ అనకుండా మిషన్ దగ్గరికి వెళ్లాను.

పాత మిషన్ కొనబోయేవాళ్ల కోసం ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను. రంగును చూడకూడదు. మొదట సుత్తితో పోత ఇనుమును నాలుగైదు చోట్ల మెల్లగా తట్టాను. పగులు లేని ఇనుము గంటలాగా పలుకుతుంది. పగిలినదో అతికించినదో అయితే మూగగా పలుకుతుంది. ఇది అన్ని చోట్లా పలికింది. అది పెద్ద సంగతి, ఎందుకంటే మిగతావన్నీ మార్చుకోవచ్చు, పోతను మార్చుకోలేం. తర్వాత ఇనుప బల్ల మీద స్కేలును అంచు మీద నిలబెట్టి, రైలు టికెట్టును దాని కిందికి తోశాను. అంచుల దగ్గర దూరలేదు. నడిమిన దూరింది. రెండు మడతలు వేసి తోసినా దూరింది. పాత యజమాని సన్న చెక్కలను ఎప్పుడూ నడిమినే తోసి ఉంటాడు, అక్కడ గుంట పడింది. మూడేళ్లలో పడే గుంట కాదు. రైతు చెప్పిన ట్రాక్టర్ సీటు గుర్తొచ్చింది.

"మూడేండ్లదన్నరు" అన్నాను.

"నేను కొని మూడేండ్లు తాయీ" అన్నాడు సేఠ్, ఏమాత్రం తడుముకోకుండా.

చెక్కను లోపలికి లాగే పళ్ల రోలర్ బాగుంది. కత్తులు అరిగి పొట్టివయ్యాయి, ఇంకోసారి సాన పట్టడానికి లేదు. చివరికి మోటారు మీద అరచేయి పెట్టాను. వెచ్చగా ఉంది. కత్తుల రోలరుకు రెండు పక్కలా బేరింగులుంటాయి, వాటి మీద పెట్టాను. అవీ వెచ్చగానే ఉన్నాయి. నెల రోజులు ఆగి ఉన్న మిషన్ ఫిబ్రవరి పొద్దున, నీడలో వెచ్చగా ఉండదు. మేము దిగడానికి కొంచెం ముందే దాన్ని చాలాసేపు తిప్పి ఉంచారు. బేరింగ్ అరిగి, గ్రీసు ఎండిపోతే, చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టగానే కూస్తుంది. వేడెక్కాక గొంతు తగ్గుతుంది.

సేఠ్ స్విచ్ వేశాడు. మిషన్ మెత్తగా తిరిగింది. నా టేకు ముక్క తోశాను, బాగానే చెక్కింది. వదినె నా చెవిలో, మంచిగనే ఉన్నది గద పిల్లా అంది. నేను బేరింగుల చప్పుడు వింటున్నాను.

నేను ఇంకా ధర మాట ఎత్తకపోవడం సేఠ్‌కు నచ్చలేదు. ఆయన అన్న మాట ఇది:

"ఆలోచించుకోండ్రి తాయీ, తొందర లేదు. గని ఆదిలాబాద్ నుంచి ఒక వడ్లాయన ఇయ్యాల సాయంత్రం అస్తనన్నడు. లక్షా ఇరవైకి బయానా పెడ్తడు. అటెన్క నన్ననద్దు."

నేను నోరు తెరిచేలోపే వదినె రెండో కప్పు కింద పెట్టింది.

"ఏ వడ్లాయన సేఠ్? ఇయ్యాల శనివారం. మేం వడ్లోల్లమే. మా కులంల పుట్టినోడు శనివారం ఇనుముకు బయానా పెట్టడు. వాడు వడ్లోడన్న కాడు, లేకుంటె వాడు వచ్చుడన్న అబద్ధం."

సేఠ్ తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చింది, అందులో కోపం లేదు. ఎద్దుల బజార్లో పన్నెండేండ్లు చేసిన, నన్నెవ్వరు వారం అడిగి పట్టలే మావ్‌శీ అన్నాడు. ఈసారి వదినె ఆ పిలుపును పట్టించుకోలేదు. పొద్దంతా నా మీద విసిరిన శనివారాన్ని ఆమె ఆయన మీద విసిరి, ఏమీ జరగనట్టు కొంగు సర్దుకుంది.

అప్పుడు నేను నా ధర చెప్పాను. తువ్వాల కింద కాదు, పైకే, అందరికీ వినపడేటట్టు. కొత్తది రెండు లక్షలు. బాగా చూసుకున్న పాతదానికి సగం. సగమే ఎందుకంటే, కొత్తదానికి మొదటి ఏడాది కంపెనీ బాధ్యత, పాతదానికి మొదటి రోజు నుంచీ కొన్నవాళ్లదే బాధ్యత. ఆ లక్షలోంచి, బల్లను నాందేడ్‌లో సాపు చేయించడానికి ఎనిమిది వేలు, కత్తుల జతకు నాలుగు వేలు తీసేస్తే ఎనభై ఎనిమిది. భంగార్ కింద, పాత ఇనుముగా తూకానికి అమ్మితే దీనికి ముప్పై వేలు వస్తాయని కూడా చెప్పాను. ఆ ముప్పై దగ్గర బేరం మొదలుపెట్టడం ఆయనకు అవమానమనీ, నేనేమీ అడుక్కోవడానికి రాలేదనీ ఆయనకు తెలియాలని.

"ఎనభై ఎనిమిదికి రేపు పొద్దున మాట్లాడుదం. ఇయ్యాల శనివారం. గని ఒక్కటి. రేపు మిషన్ చల్లగున్నప్పుడు మొదటి స్విచ్ నా ముందట వెయ్యాలె" అన్నాను.

ఆయన ఎందుకని అడగలేదు. వేద్దాం తీయండి అన్నాడు. మాట ఇచ్చాడు గనక నేను సంచిలోంచి పానా తీసి, మోటారు బోల్టులు వదులు చేసి, మోటారును కత్తుల రోలరుకు కలిపే రెండు రబ్బరు బెల్టులూ ఊడదీశాను. ఇవి రాత్రికి నా దగ్గర ఉంటాయన్నాను. బెల్టులు లేకపోతే మిషన్‌ను ఎవరూ తిప్పి వేడి చేయలేరు. సేఠ్ వాటి వైపు, నా వైపు చూసి, తీసుకపోండ్రి అన్నాడు. వదినె వెంటనే పాయింటు పట్టింది.

"రబ్బరు ఇనుము కాదు. శనివారం తీసుకపోవచ్చు."

కిన్వట్ బస్టాండు దగ్గర లాడ్జిలో రెండు మంచాల గది ఏడు వందలు. దుప్పట్లు ఉతికినవే, వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా. మేమిద్దరు ఆడవాళ్లం రెండు పెద్ద రబ్బరు బెల్టులతో ఎందుకు దిగామో మేనేజర్‌కు అర్థం కాలేదు. ఒక బెల్టును వదినె దండలాగా మెడలో వేసుకుని మెట్లెక్కింది. బస్టాండు ఎదురుగా ఖానావళిలో భోజనం మనిషికి నూట ఇరవై. పప్పు బాగుంది, చపాతీలు వేడివేడిగా అడిగినన్ని వేస్తారు.

తినేటప్పుడు వదినె తన చపాతీ ఒకటి నా పళ్లెంలో వేసింది. తర్వాత, తమ్ముడు కూడ ఇట్లనే బెల్టులు తెచ్చుకుంటుండెనా అని అడిగింది. తెచ్చుకునేవాడు కాదన్నాను. ఆయన సుత్తితో తట్టేవాడు, మోటారు మీద చేయి పెట్టేవాడు, అమ్మేవాడు మంచివాడిలా కనిపిస్తే నమ్మేవాడు. బెల్టుల ఆలోచన నాది.

ఆదివారం పొద్దున ఏడుంపావుకు షెడ్డుకు వెళ్లాం. చలి ఉంది. సేఠ్ తాళం తీసి, ముట్టుకోలేదు చూసుకోండ్రి అన్నాడు. నేను మోటారు మీద చేయి పెట్టాను. చల్లగా ఉంది. బెల్టులు ఎక్కించి, బోల్టులు బిగించి, పక్కకు జరిగాను.

స్విచ్ వేయగానే కుడివైపు బేరింగ్ కూసింది. చిన్న కూత కాదు. రోడ్డు మీద పోయేవాళ్లు తిరిగి చూశారు. కొంతసేపటికి తగ్గి, నిన్నటి మెత్తటి చప్పుడుకు వచ్చింది. మోటారు మాత్రం చలిలోనూ ఒక్క దెబ్బకే అందుకుంది, అది మంచి మోటారు. ఎడమ బేరింగ్ కూడా బాగానే ఉంది, కానీ ఒకటి మారిస్తే రెండోదీ మార్చాలి. ముడి ఉన్న తుమ్మ చెక్కను తోశాను. ముడి దగ్గర కూడా ఆగకుండా చెక్కింది. తీసి వేలితో రాసి చూశాను, ముడి పక్కన పెచ్చు లేవలేదు.

నేనూ, సేఠూ ఇద్దరమూ ఆ కూతను విన్నాం. ఆ తర్వాత ఎవరు ముందు మాట్లాడతారన్నదే మిగిలింది. నేనే మాట్లాడాను. బేరింగుల జతకు, మార్చే కూలికి కలిపి ఆరు వేలు. ఎనభై ఎనిమిదిలోంచి ఆరు తీస్తే ఎనభై రెండు.

సేఠ్ షెడ్డు గుమ్మం దాకా నడిచి వెనక్కి వచ్చాడు.

"ఎనభై ఐదు చెయ్యండ్రి తాయీ. మూడు మీవి, మూడు నావి."

వదినె నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు, ఒప్పుకో అని. ఎనభై ఐదైనా టెంపో కిరాయి, ఎక్కించే కూలి, బాగుచేయించే ఖర్చు కలిపితే లక్షా ఎనిమిది చుట్టుపక్కలే ఉంటుంది. కానీ దానికి లోపలా, పైనా అన్నది ఆ మూడు వేలే చెప్తాయి. అదీగాక అది సగం సగం పంచుకునే సంగతి కాదు. బేరింగ్ పోయింది, దాన్ని ఎవరో ఒకరు మార్చాలి. అంతే.

"ఐతె ఒక పని చెయ్యండ్రి సేఠ్. బేరింగులు మీరే మార్పియ్యండ్రి. నిన్నటి ఎనభై ఎనిమిది ఇస్త. వచ్చే ఆదివారం అచ్చి తీసుకపోత" అన్నాను.

ఆ బేరింగులు కిన్వట్‌లో దొరకవు. నాందేడ్ నుంచో ఆదిలాబాద్ నుంచో తెప్పించాలి, మిస్త్రీని పిలవాలి, మిషన్ విప్పాలి. ఆయన లెక్కలో కూడా అది ఆరు వేలే. రెండు దారుల్లో ఏది పట్టినా ఒకే చోటికి వస్తుందని ఆయన ముఖంలో కనిపించింది. తువ్వాల తీసి, దులిపి, మడిచి, ఈసారి బల్ల మీద పెట్టాడు.

"ఎనభై రెండు. తీసుకపోండ్రి. ఎద్దు నోరు తెరిచి పండ్లు చూపెట్టి అమ్మిన, గని ఎద్దును రాత్రంత ఉపాసం ఉంచి పొద్దుగాల నడిపిచ్చి చూసినోల్లను ఇయ్యాల్నే చూసిన."

బేరం తెగాక మా ఆయన అడిగే ప్రశ్న ఒకటుంది. దాన్ని నేను పోయిన వానాకాలం తర్వాత మొదటిసారి పైకి అన్నాను. "మీకు నష్టం లేదు గద సేఠ్?"

"నష్టముంటె చాయ్ పోస్తనా" అన్నాడు ఆయన, చాయ్ తెప్పిస్తూ. ఈసారి నా కప్పు నేనే తాగాను. అల్లం ఎక్కువ, చక్కెర ఇంకా ఎక్కువ.

ఫోన్‌లోంచి డబ్బులు పంపి, రసీదు రాయించుకున్నాను. రసీదు మీద మిషన్ నంబరు, మోటారు నంబరు రెండూ రాయించుకోవాలి, లేకపోతే దారిలో చెక్‌పోస్టు దగ్గర చిక్కు. టెంపో కిరాయి ఐదు వేల ఐదు వందలు, ఎక్కించే కూలి వెయ్యి. మొత్తం ఎనభై ఎనిమిదిన్నర; బల్ల, కత్తులు, బేరింగులు కలిపితే లక్షా ఆరున్నర. దించే కూలి అవసరం లేదు, మా మిస్త్రీలే దించుకుంటారు. కదిలే ముందు బెల్టులు మళ్లీ ఊడదీసి సంచిలో పెట్టుకున్నాను. అవసరం లేదు, అయినా పెట్టుకున్నాను.

గంగాధర్ మిస్త్రీకి ఫోన్ చేసి ధర చెప్తే, ఇంకోసారి చెప్పమన్నాడు. తర్వాత, రేపు పొద్దుగాల్నే పలకలు దించమంట అన్నాడు. మరిదికి నేను చేయలేదు, వదినె చేసింది. షెడ్డు కిరాయికడిగినోల్లకు వేరే జాగ చూసుకొమ్మని చెప్పురా అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది.

తొమ్మిదిన్నరకు బయల్దేరాం. డ్రైవర్ పక్కన మేమిద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. రోడ్డు హిమాయత్‌నగర్ దాకా కొన్నిచోట్ల గుంతలు, ఆ తర్వాత నయం. హిమాయత్‌నగర్‌లో ఆగి పోహా తిన్నాం, ప్లేటు ముప్పై. గుంత వచ్చినప్పుడల్లా వదినె వెనక్కి తిరిగి మిషన్ను చూసింది. మెల్లగ పోనియ్యి బిడ్డా, అది నీ టెంపోకన్న ఖరీదున్నది అంది. డ్రైవర్‌కు అది అబద్ధమని తెలుసు. అయినా మెల్లగానే పోనిచ్చాడు.

భోకర్‌లో వదినెను మార్కెట్ యార్డు దగ్గర దించాం. ఆమె దిగి, ఖాళీ రొట్టెల మూట చంకలో పెట్టుకుని, టెంపో వెనక్కి నడిచింది. తాళ్ల మధ్య నుంచి చేయి పెట్టి ఆకుపచ్చ రంగు మీద తట్టింది. తర్వాత కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఒక మాట చెప్త, ఏమనుకోకు. మా తమ్ముడైతె ఎనభై ఐదుకే ఒప్పుకునేటోడు."

ఒప్పుకునేవాడు. అది నాకూ తెలుసు. ఒప్పుకుని, ఇంటికి వచ్చి, ఆ మూడు వేల సంగతి నాకు చెప్పకుండా చాయ్ అడిగేవాడు. నేను వదినెకు అవునని చెప్పాను. ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన గురించి మాట్లాడుకుంటూ మేమిద్దరం నవ్వడం ఈ ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి.

భోకర్ తర్వాత రోడ్డు బాగుంది. కిటికీ పక్కన చోటు దొరికింది. ఈ దారిన ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది తక్కువ. మీ చెక్క మీరు తీసుకెళ్లండి. ఒక రాత్రి అక్కడ ఉండండి. ధర చెప్పేటప్పుడు, ఆ ధర ఎలా వచ్చిందో అమ్మేవాడికి కూడా చెప్పండి, అది దాచాల్సినది కాదు. మిగతాదంతా మిషన్‌ను బట్టి ఉంటుంది.

నాందేడ్ దగ్గర పడుతుండగా డ్రైవర్ మొదటిసారి సొంతంగా ఒక ప్రశ్న అడిగాడు. ఇంత పెద్ద మిషన్, మీరే నడుపుతారా అని.

నడిపేది మా మిస్త్రీలు, కొన్నది నేను అని చెప్పాను.